సుకవారో నోట తెలుగు

కోసమ్‌డీహ్‌లో నర్సుబాయి అంటే విజయకుమారి. రాయపూర్‌కి ఉత్తరాన, ధర్సీవా బ్లాకులో, మాంఢర్ స్టేషన్లో దిగి వరిపొలాల గట్లమీద నడుచుకుంటూ పోతే వచ్చే ఊరది. ఆమె పుట్టింది మాత్రం బాపట్ల దగ్గర. మిషను ఆసుపత్రిలో నర్సుపని నేర్చుకుని, దేవదాసును పెళ్లాడి రాయపూర్ వచ్చింది. దేవదాసు వాగన్ రిపేరు వర్క్‌షాపులో పెయింటరు. మరమ్మతైన గూడ్సు డబ్బాల మీద తెల్లరంగుతో నంబర్లు రాసేవాడు. వర్క్‌షాపువాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాళ్లకు రెండు గదుల క్వార్టరు. ఇంట్లో అత్తగారు, ఒక కూతురు. విజయకుమారి సోమవారం పొద్దున్నే పాసింజరెక్కి ఊరికి పోయి, వారమంతా ఆరోగ్య ఉపకేంద్రం గదిలో ఉండి, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరేది.

కొత్తలో ఆమెకు ఊరివాళ్ల మాట బొత్తిగా తెలిసేది కాదు. ఆసుపత్రి హిందీ వచ్చు. కానీ అక్కడివాళ్లు మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. 'పిరాత్ హే' అంటే నొప్పెడుతోందని, 'లఇకా' అంటే పిల్లాడని ఆమెకు నేర్పింది సుకవారో. ఉపకేంద్రం పక్కింటి కోడలు, రోజూ వచ్చి అక్కడి కుండలో నీళ్లు పోసిపెట్టేది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. మోచేతుల దాకా పచ్చబొట్లు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే నోరు. శుక్రవారం పుట్టింది కాబట్టి సుకవారో అయింది. ఆమెకు మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండోవాడు బుధవారం పుట్టాడు, వాడు బుధ్రూ. ఆ పురుడు పోసింది విజయకుమారే.

డెబ్బయ్యైదో సంవత్సరం వానాకాలంలో ఊరికి టీవీ వచ్చింది. రాయపూర్ పట్నంలోనే ఎవరూ ఎరగని వస్తువు, కరెంటు సగం రోజులుండని కోసమ్‌డీహ్‌కి ఎందుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. జీపులో వచ్చినవాళ్లు బడి ఆవరణలో కోళ్లగూడు తీగలాంటి వలతో పెద్ద గిన్నె ఒకటి కట్టి ఆకాశంకేసి తిప్పిపెట్టారు. ఊరివాళ్లు దానికి ఛాతా, అంటే గొడుగు, అని పేరు పెట్టారు. తలుపులున్న చెక్కపెట్టెలో టీవీ. తాళంచెవి ఖేమ్‌లాల్ గురుజీ దగ్గర. ఆయన ఆ బడికి ఒక్కగానొక్క మేష్టరు. అమెరికావాళ్ల ఉపగ్రహం ఒకటి మన నెత్తిమీద నిలబడి ఉందని, సర్కారు దాన్ని ఒక్క ఏడాదికి అరువు తెచ్చుకుందని, బొమ్మలు అక్కడినుంచి పడతాయని ఆయన చెప్పాడు.

"నిలబడటమేమిటి గురుజీ, ఆకాశంలో?" అంది విజయకుమారి.

"నాకూ అదే తెలియలేదు నర్సుబాయి. ట్రైనింగులో అడిగితే, నిలబడలేదు, తిరుగుతోంది అన్నారు. తిరుగుతుంటే మన గొడుగులో ఎట్లా పడుతుందంటే, భూమి కూడా తిరుగుతోంది కదా అన్నారు. ఇంక నేను అడగలేదు."

రోజూ సాయంత్రం ఊరంతా బడి ముందు కూర్చునేది. తెరమీద ఎవరైనా నమస్కారం పెడితే ముసలివాళ్లు తిరిగి నమస్కారం పెట్టేవాళ్లు. వ్యవసాయం, పశువులు, పిల్లల పెంపకం, నాటకాలు, పాటలు, అన్నీ హిందీలో. అయితే ఆ ఉపగ్రహం ఒక్క మధ్యప్రదేశ్‌కే కాదు, ఇంకా కొన్ని రాష్ట్రాల పల్లెలకు కూడా వాళ్లవాళ్ల భాషలో వంతులవారీగా పంపుతోంది. గొడుగుకి ఇది మనది, అది పక్కవాళ్లది అనే తేడా ఏం తెలుసు? ఒకరోజు గురుజీ పొరపాటున వేళకాని వేళ పెట్టె తెరిస్తే, "రైతు సోదరులారా" అని వినబడింది.

బాలింతకు సూది వేస్తున్న విజయకుమారి చెయ్యి ఆగిపోయింది. బయటికొచ్చి చూసింది. తెలుగువాళ్లుండే కాలనీలో తప్ప ఎక్కడా వినబడని మాట, ఈ పొలాల మధ్య, బడి అరుగు మీదినుంచి వస్తోంది. ఆంధ్రాలో ఎక్కడో రైతులకు చెబుతున్న వేరుశనగ తెగులు సంగతి ఆమె నిలబడి ఆఖరుదాకా విన్నది. ఆ తర్వాత గురుజీ ఆమె ఊళ్లో ఉన్న రోజుల్లో తెలుగు వంతుకి కూడా పెట్టె తెరిచేవాడు. "మీ దేశం మాట వస్తోంది, రండి" అని పిలిచేవాడు. ఆ వేళకు ఆమెతోపాటు నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చునేవారు, భాష తెలియకపోయినా. "కా కహత్ హే, బాయి?" ఏమంటోంది అని వాళ్లు అడగడం, విజయకుమారి వెంటవెంటనే ఛత్తీస్‌గఢీలో చెప్పడం అలవాటైపోయింది.

ఆ వానల్లోనే బుధ్రూకి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది. విజయకుమారి పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా వాడి పక్కనే కూర్చుని, అన్నం వార్చిన గంజిలో ఉప్పు, చిటికెడు చక్కెర కలిపి చెంచాతో పోసింది. ఆ గంజిని అక్కడ పసియా అంటారు. సాయంత్రానికి వాడు ఒంటికి పోశాడు, కళ్లు తెరిచి చెంచా లాక్కున్నాడు. ఈ సంగతి ధర్సీవా డాక్టరుగారి ద్వారా ఎవరి చెవినో పడింది. పదిహేను రోజుల తర్వాత కెమెరా పట్టుకుని ముగ్గురు మనుషులు ఊళ్లో దిగారు.

జరిగిందంతా మళ్లీ జరిపించమన్నారు. కానీ బుధ్రూ అప్పటికి బంతిలా ఉన్నాడు. నీరసంగా పడుకోబెడితే లేచి నవ్వుతాడు. బుష్‌కోటు వేసుకున్న పెద్దమనిషి తల పట్టుకుని, "జబ్బు పిల్లాడు నవ్వితే ఎలాగండీ" అన్నాడు. చివరికి వాడు నిద్రపోయేదాకా చెట్టుకింద కూర్చుని, అప్పుడు తీశారు. విజయకుమారిని, సుకవారోని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మాట్లాడుకోమన్నారు.

"ఏం మాట్లాడాలి సార్?"

"ఏదైనా సరే. పెదాలు కదిలితే చాలు. మాట మేం తర్వాత వేస్తాం."

ఏం మాట్లాడాలో విజయకుమారికి తోచలేదు. సుకవారోయే అందుకుని, వాళ్లత్త మేకపిల్ల రాత్రి తెంచుకుపోయి పొరుగువాళ్ల కందిచేను మేసిన వైనం చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొడవలో ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో అంతా వరసగా చెప్పింది. విజయకుమారి నవ్వు ఆపుకుంటూ తల ఊపింది. ఈలోపు బుధ్రూ లేచి, కెమెరా అద్దం మీద చెయ్యి వెయ్యడానికి పాకుతూ వెళ్లాడు. అది కూడా తీశారు.

దీపావళి దాటాక ఆ సినిమా హిందీ వంతులో వచ్చింది. ఊరు ఊరంతా విరగబడి చూసింది. తెరమీద విజయకుమారి నోరు తెరవగానే, ఎవరో చదువుకున్న అమ్మాయి సన్నటి గొంతుతో, "చెల్లీ, కంగారు పడకు, బిడ్డకు నీళ్లు తగ్గిపోయాయి" అంది. సుకవారో నోట మరొక గొంతు, "అలాగే అక్కా, నువ్వు చెప్పినట్టే చేస్తాను" అంది. జనం పడీ పడీ నవ్వారు.

"నేను మేక సంగతి కదా చెప్పింది," అంది సుకవారో బిత్తరపోయి. "మేక ఏది?"

విజయకుమారి కూడా నవ్వింది గానీ, లోపల ఏదో గుచ్చుకుంది. తన మొహం, తన చీర, తన చేతిలో చెంచా. మాట మాత్రం తనది కాదు. ఆ పిల్లగొంతు ఎవరిదో, ఆ పిల్ల ఏ ఊళ్లో కూర్చుని తన పెదాలు చూస్తూ చెప్పిందో. శనివారం ఇంటికి పోయి మొగుడికి చెబితే, "పోనీలే, నీకంటే బాగా మాట్లాడింది కదా" అన్నాడు దేవదాసు.

పుష్యమాసం చలిలో బుధ్రూకి మళ్లీ జబ్బు చేసింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. ఆ రోజు ఆదివారం, విజయకుమారి కాలనీలో ఉంది. సోమవారం ఊరికొచ్చేసరికి వాడికి డొక్కలు ఎగురుతున్నాయి, పెదాలు నీలంగా తిరిగాయి. సూది వేసి, ఎడ్లబండి కట్టించి, సుకవారోని ఎక్కించి తనూ ఎక్కింది. ధర్సీవా ఆసుపత్రి కనబడుతుండగా వాడి ఊపిరి ఆగింది. బండి అక్కడే వెనక్కి తిప్పారు. ఊరిబయట ఏటిగట్టున చిన్న గొయ్యి తీసి పూడ్చారు. సుకవారో ఏడవలేదు. ఇంట్లో చీకటి మూలన కూర్చుని ఇంక బయటికి రాలేదు.

ఆమెను నెలకు పైగా అలా చూసి చూసి, విజయకుమారే ఒకరోజు చెయ్యి పట్టుకుని లేపింది. ఊరి జనం ఉండే హిందీ వేళకి తీసుకుపోవడం ఇష్టంలేక, తెలుగు వంతుకి తీసుకుపోయింది. అప్పుడు అక్కడ సందడి ఉండదు, కాసేపు గాలి తగులుతుంది అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

ఒక పాటేదో అయిపోయింది. తర్వాత తెరమీద కోసమ్‌డీహ్ బావి కనబడింది. పెంకుటిళ్లు, ఉపకేంద్రం గుమ్మం. గుమ్మంలో విజయకుమారి. "మా ఊరి నర్సమ్మ శాంతమ్మగారు," అంది తెలుగు గొంతు ఒకటి. అదే సినిమా, పేరు మార్చి, ఈసారి తెలుగులో. విజయకుమారి గబుక్కున సుకవారోకేసి చూసింది. లేపి తీసుకుపోదామా అనుకుంది. కానీ సుకవారో రెండు చేతులూ నేలకు ఆనించి, కదలకుండా, నిద్రపోతున్న పిల్లాడి బొమ్మను చూస్తోంది.

బుధ్రూ లేచాడు. నవ్వుతూ అద్దంకేసి పాకాడు. సుకవారో పెదాలు కదిలాయి, తెరమీద. ఆ పెదాల మీదుగా, మధ్యవయసు ఆడమనిషి గొంతు, కొంచెం బొంగురుగా, నిండుగా, విజయకుమారి పుట్టింటి వైపు యాసలో పలికింది. "నా బిడ్డ బతికాడమ్మా. ఇంక వాడికి ఏ భయమూ లేదు."

"కా కహత్ హే, బాయి?"

ఆర్నెల్లుగా అలవాటైన నోరు. ఆలోచించేలోపే చెప్పేసింది. "నా బిడ్డ బతికాడు అంటోంది."

"ఎవరు?"

"నువ్వే. అంటే నీ బొమ్మ."

"నేనెప్పుడన్నాను?"

"నువ్వనలేదు. ఆంధ్రాలో ఎవరో అన్నారు, నీ బదులు."

తెరమీద వేరే బొమ్మ వచ్చేసింది. సుకవారో మెల్లిగా, "అయితే అక్కడ బతికాడా?" అంది.

లేదు, చచ్చిపోయాడు, నీకు తెలియదా అనడానికి విజయకుమారికి నోరు రాలేదు. అవునని ఎలా అంటుంది? "చలిగా ఉంది, ఇంటికి పద" అంది.

మర్నాటినుంచి సుకవారో తెలుగు వంతుకి అందరికంటే ముందొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. వేరుశనగ తెగులు, చెరకు తోటలు, ఊయల పాటలు, ఏదొచ్చినా కళ్లార్పకుండా చూసేది. మధ్యలో ఎవరైనా పిల్లలు కనబడితే మెడ సాచేది. అత్త తిట్టినా మొగుడు కోప్పడినా రాకుండా ఉండేది కాదు. ఆమెకు నిజంగా మతి చలించిందా, లేక ఇంకేదైనా ఉందా అన్నది విజయకుమారికి తేలలేదు. పోయిన పిల్లాడి బొమ్మ మళ్లీ కనబడుతుందని చూస్తోందనుకుంటే పాపం అనిపించేది. ఆంధ్రాలో ఉన్నాడని నమ్ముతోందనుకుంటే భయం వేసేది. ఆ నమ్మకం పెట్టింది తన నోరే.

శనివారం ఇంటికొచ్చి దేవదాసుతో అంది. "దానికి నేనేం చెప్పాలండీ?"

"ఏం చెప్పాలా? బొమ్మ బొమ్మేనని చెప్పు. నేను పాత నంబరు చెరిపి కొత్తది రాస్తే డబ్బా మారిద్దా?"

"అంత తేలిక కాదండీ. దాని మొహం చూస్తే నోరు రావట్లేదు."

"అయితే ఛోడ్ దో, వదిలెయ్. కొన్నాళ్లకి అదే మర్చిపోతది."

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "ఆదివారం గుడికెళ్లి చచ్చినోళ్లు లేస్తారని పాడొస్తావు. సోమవారం పోయి ఆ పిల్లకి లేవరని చెప్తావా? ఏది నిజమనుకోవాలది?"

"అది వేరు, ఇది వేరు అత్తయ్యా."

"వేరేంటో నాకు చెప్పు ముందు," అంది ఆవిడ. ఆ ఆదివారం చర్చిలో విజయకుమారి పాట పాడుతుంటే చరణం మధ్యలో ఆగి, పక్కనున్న ఆమె పుస్తకంలోకి తొంగిచూడాల్సి వచ్చింది, కంఠతా వచ్చిన పాటకి.

ఎండలు ముదిరాక తెలుగులో ఆ సినిమా మరొకసారి వచ్చింది. ఆ వారం సుకవారో మొగుడితో ఇటుకబట్టీ పనికి పోయింది. విజయకుమారి ఒక్కతే చూసింది. బుధ్రూ మళ్లీ లేచాడు, మళ్లీ పాకాడు. ఆమె వాణ్ణి చూడలేదు. ఆ బొంగురు గొంతే విన్నది. ఈ మనిషికి పిల్లలున్నారు, లేకపోతే 'నా బిడ్డ' అన్న మాట అలా రాదు అనిపించింది. మళ్లీ, ఇది కాగితం చూసి చదివిన మాటే కదా అనీ అనిపించింది. సుకవారో తిరిగొచ్చాక ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మేలనుకుంది. కానీ గురుజీ దాచే మనిషి కాదు, అడగకుండానే చెప్పేశాడు. సుకవారో ఉపకేంద్రం గుమ్మంలో నిలబడి, "నువ్వు చూశావు, నాకు చెప్పలేదు" అని ఒక్కమాట అని వెళ్లిపోయింది. వానలు పడేదాకా మళ్లీ పలకలేదు.

అరువు తెచ్చిన ఏడాది జూలైతో అయిపోయింది. ఆఖరు సాయంత్రం తర్వాత గురుజీ పెట్టె తెరిస్తే తెరమీద ఇసుక రాలుతున్నట్టు చుక్కలు, ఒకటే హోరు. ఉపగ్రహాన్ని అమెరికావాళ్లు వెనక్కి లాక్కున్నారని ఆయన చెప్పాడు. నిలబడి ఉన్నదాన్ని ఎట్లా లాక్కుంటారని ఈసారి ఎవరూ అడగలేదు. సుకవారో మాత్రం, "ఆంధ్రావాళ్లకి కూడా రాదా?" అంది.

"ఎవరికీ రాదు," అన్నాడు గురుజీ.

ఆ మాట విని ఆమెకు బాధ కలిగిందో, ఊరట కలిగిందో, విజయకుమారికి ఆమె మొహంలో కనబడలేదు. ఆ సాయంత్రమే ఆమె వచ్చి ఉపకేంద్రం కుండలో నీళ్లు పోసిపెట్టింది, మునుపటిలాగా.

మరుసటి ఏడు రాయపూర్‌లోనే టీవీ టవరు లేచింది. ఊళ్లకు మళ్లీ బొమ్మ వచ్చింది. అప్పటికి రేడియోనుంచి విడిపోయి దానికి దూరదర్శన్ అని సొంతపేరు కూడా వచ్చింది. ఈసారి ఆకాశంనుంచి కాదు, పక్కనే ఉన్న పట్నంనుంచి. తెలుగు మాత్రం రాలేదు. సుకవారో ఏమీ అడగలేదు గానీ, విజయకుమారికే మనసు ఊరుకోక, ఒక శనివారం ఆమెను వెంటబెట్టుకుని టవరు దగ్గరికి పోయింది. అక్కడి ఇంజనీరు చిన్నవాడు, మంచివాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించి, అంతా విన్నాడు.

"ఆ సినిమాలు ఇక్కడ ఉండవమ్మా. ఇక్కడినుంచి వదలడమే మా పని. అవి ఎక్కడెక్కడో తయారయ్యాయి. ఇప్పుడు ఎక్కడున్నాయో, అసలున్నాయో లేదో నాకు తెలియదు," అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, "అందులో ఏముంది, అంత కావలసింది?" అన్నాడు.

విజయకుమారి సుకవారోకేసి చూసింది. సుకవారో టీ ఊదుకుంటూ, "మేక సంగతి" అంది.

ఆ జవాబు వేళాకోళమో, కప్పిపుచ్చడమో, నిజంగా మేకేనో, తిరుగు దారంతా విజయకుమారి ఆలోచించింది.

కాలం గడిచింది. సుకవారోకి కూతురు పుట్టింది, ఆదివారం పుట్టింది కాబట్టి ఇత్వారిన్. తర్వాత ఇంక పిల్లలు కలగలేదు. విజయకుమారికి రాయపూర్ పట్నం డిస్పెన్సరీకి బదిలీ అయింది. శంకర్ నగర్ వైపు వీధుల్లో తిరిగి టీకాలు వేసే పని. ఏషియాడ్ ఆటలప్పుడు టీవీకి రంగులొచ్చాయి. రెండేళ్లకి దేవదాసు కూడా నలుపు తెలుపుదే ఒకటి కొన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమాలు వచ్చేవి. అన్ని భాషలూ తిరిగి తెలుగు వంతు వచ్చేసరికి నెలలు పట్టేది. ఆ ఆదివారం కాలనీలో తెలుగువాళ్లంతా, ఉన్న నాలుగు టీవీల ముందు సర్దుకుని కూర్చునేవారు. సికింద్రాబాదు వైపువాళ్లూ, శ్రీకాకుళం వాళ్లూ ఒకరి మాట ఒకరు వెక్కిరించుకుంటూ, వంట తొందరగా ముగించుకుని వచ్చేవారు.

అలాంటి ఒక ఆదివారం కూరగాయలు ఇద్దామని వచ్చిన సుకవారో ఆ సందడి చూసి ఆగిపోయింది. "ఇది మీ మాటేనా?" అని అడిగి, గుమ్మం పక్కన కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఆఖరుదాకా కూర్చుంది. పోయేటప్పుడు, "మళ్లీ మీ మాట ఎప్పుడొస్తే అప్పుడు కబురుపెట్టు" అంది. మాంఢర్ నుంచి వర్క్‌షాపు పనికి వచ్చేవాళ్ల చేత విజయకుమారి కబురుపెట్టేది. పెట్టిన ప్రతిసారీ సుకవారో వచ్చేది.

మూడోసారో నాలుగోసారో విజయకుమారి గమనించింది. సినిమాలో అందరూ హీరోని చూస్తుంటే సుకవారో చూపు వెనకెక్కడో ఉంటుంది. బడి పిల్లల గుంపు వస్తే, వీధిలో కర్రాబిళ్లా ఆడే కుర్రాళ్లు వస్తే, ఆమె మెడ సాగుతుంది. బుధ్రూ బతికుంటే ఇప్పటికి వాళ్లంత ఉంటాడు. ఇన్నేళ్లూ ఇది ఈ పిల్ల మనసులో పెరుగుతూనే ఉందా? సొంత కూతురు ఒళ్లో నిద్రపోతుంటే, ఇంకా ఆంధ్రాలోనే వెతుకుతోందా? చెప్పేయాలి, ఇవాళే చెప్పేయాలి అని విజయకుమారి అనుకునేది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంకో తెలుగు వంతుదాకా వాయిదా వేసేది.

చివరికి ఒక ఆదివారం, తెలుగు సినిమా అని అందరూ చేరాక, టీవీలో కదలని బొమ్మ ఒకటి పెట్టి సారంగి వాయించడం మొదలుపెట్టారు. ఎవరో పెద్దాయన పోయారట, దేశమంతా సంతాపం, సినిమా లేదన్నారు. కాలనీవాళ్లు కాసేపు చూసి, గొణుక్కుంటూ ఇళ్లకు పోయారు. దేవదాసు పక్క గదిలో నడుం వాల్చాడు. సుకవారో కదల్లేదు. ఆ సారంగినే వింటూ కూర్చుంది.

విజయకుమారి వచ్చి పక్కన కూలబడింది. "సుకవారో, నీకొకటి చెప్పాలి. ఆ రోజు బడి దగ్గర నేను చెప్పింది..."

"బతికాడు అన్నది?"

"ఆఁ. అది వట్టిమాట. ఎవరో కాగితం చూసి చదివారు. వాడు ఎక్కడా లేడు. ఆంధ్రాలోనూ లేడు. నువ్వు వెతక్కు."

సుకవారో ఆమెకేసి వింతగా చూసింది. "నాకు తెలియదా బాయి? గొయ్యిలో దింపింది నేను. మట్టి వేసింది నేను."

"మరి అప్పుడు, అక్కడ బతికాడా అని అడిగావు?"

"అడిగాను. అప్పుడు ఏమనుకుని అడిగానో ఇప్పుడు నాకూ తెలియదు."

"మరి ఈ సినిమాల్లో పిల్లల్ని ఎందుకు చూస్తావు?"

"నా నోటితో మాట్లాడింది కదా, ఆవిడ కోసం. నా బిడ్డ బతికాడు అని అంత గట్టిగా చెప్పింది. నావాడు కాదు. అయితే ఎవరో ఒకడు బతికి ఉండాలి కదా. వాడెవరా అని." ఒళ్లో కూతురి జుట్టు సర్దింది. "ఆవిడ ఊరు ఏదో నీకు తెలియదు?"

"తెలియదు."

"ఆవిడకు పిల్లాడున్నాడో లేదో కూడా తెలియదు."

"తెలియదు సుకవారో. లేకపోయినా అలా చెప్పగలరు వాళ్లు. అది వాళ్ల పని."

సుకవారో తల అడ్డంగా ఊపింది. ఒప్పుకోనట్టా, అర్థం కానట్టా, విజయకుమారికి తెలియలేదు. పదేళ్లుగా తను మోసిన బరువు, ఈ మనిషి వేరే దిక్కున ఎక్కడో మోస్తోందని మాత్రం తెలిసింది. తేలికపడిందా అంటే అదీ లేదు. ఇప్పుడు తనకు కూడా ఆ ఊరూ పేరూ లేని పిల్లాడు ఒకడు తోడయ్యాడు.

"ఇంకొకటి కూడా ఉంది," అంది సుకవారో. "వాడి మొహం నాకు గుర్తు రావడం లేదు. అద్దంకేసి పాకినప్పటిది ఒక్కటే గుర్తుంది. అది కూడా టీవీలోదో, మా వాకిట్లోదో, కలిసిపోయింది."

విజయకుమారి లేచి అన్నం వడ్డించింది. తిన్నాక, చెయ్యి తుడుచుకుంటూ ఉన్నట్టుండి, "పద, బజారుకి పోదాం. ఇత్వారిన్ని కూడా తయారు చెయ్యి" అంది. ఎందుకని సుకవారో అడగలేదు. విజయకుమారి తన కూతురి చిన్నప్పటి గౌన్లు రెండు పెట్టెలోంచి తీసి, బాగున్నది ఇత్వారిన్‌కి తొడిగింది. పొడుగైతే మడిచి దారంతో కుట్టింది. ముగ్గురూ సైకిల్ రిక్షాలో స్టేషను దగ్గర ఫోటో స్టూడియోకి పోయారు.

స్టూడియోవాడు వెనకాల సరస్సు, హంసలు వేసి ఉన్న తెర దించాడు. పిల్లను స్టూలు మీద నిలబెట్టాడు. పిల్ల బిగుసుకుపోయింది. సుకవారో పక్కనే నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. విజయకుమారిని కూడా రమ్మని పిలిస్తే, ఆమె వద్దంది. రెండోసారి పిలిస్తే వెళ్లి నిలబడింది.

"దీంట్లో తర్వాత మాట వేస్తావా బాబూ?" అంది సుకవారో.

స్టూడియోవాడికి అర్థం కాలేదు. "ఫోటోలో మాట ఏంటమ్మా? కదలకండి, అంతే."

వారం తర్వాత విజయకుమారి ఆ ఫోటో తనే తీసుకుని కోసమ్‌డీహ్ పోయి ఇచ్చి వచ్చింది. సుకవారో దాన్ని ఇంట్లో దేవుడి గూటికి ఎదురుగోడకి తగిలించింది. ఆ తర్వాత కూడా తెలుగు వంతుకి వచ్చేది, కానీ ప్రతిసారీ కాదు. నాట్లున్నప్పుడు, కోతలున్నప్పుడు మానేసేది. కొన్నేళ్లకి ఆ వైపు పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాయి, ఆమె మొగుడు ఒకదాంట్లో కాపలా పనికి కుదిరాడు. ఇత్వారిన్ ఎనిమిదో తరగతి దాకా చదివి, పెళ్లి చేసుకుని భిలాయి పోయింది. పెళ్లికి విజయకుమారి, దేవదాసు వెళ్లారు. బడి ఆవరణలో ఛాతా అప్పటికి లేదు. ఆ తీగ వల పీకి ఎవరో నిజంగానే కోళ్లగూటికి వాడుకున్నారని గురుజీ చెప్పాడు.

పెళ్లి భోజనాల దగ్గర కొత్త కోడళ్లు విజయకుమారిని చూసి, టీవీలో వచ్చిన నర్సుబాయి ఈవిడేనటగా అని గుసగుసలాడారు. వాళ్లలో ఒకత్తె ధైర్యం చేసి, "అందులో ఏం చెప్పావు బాయి?" అని అడిగింది.

విజయకుమారి జవాబు కోసం సుకవారోకేసి చూసింది. సుకవారో విస్తళ్లు లెక్క సరిపోలేదని వంటవాళ్ల మీద అరుస్తూ అటు పోయింది.

"గుర్తులేదమ్మా," అంది విజయకుమారి. "గంజిలో ఉప్పు వెయ్యమని అనుకుంటాను."